అడవిలోని యిరుగుపొరుగు

చిక్కుడుపాదునకు పేనుబంక పట్టుట యెఱుగని యిల్లాలు మనలో నుండదు. పందిరినిండ పూత పూసి పిందె దిగు తరుణమున, ఒకనాటి యుదయమున చూతుము గదా, లేతకొనలకు నల్లనువ్వులు చల్లినట్లు పురుగులు క్రమ్ముకొని యుండును. నాలుగు దినములలో అవి తీగయంతయు ప్రాకును. ఈ పురుగులలో ఆడుది మగదానితో పని లేకయే పిల్లలను కనును. ఆ పిల్లలు వారము పది దినములలోనే తామును తల్లులగును. ఈ వృద్ధి కడ్డు లేనిచో ఒక్క సంవత్సరములో భూమిపై పేనుబంక తప్ప వేఱొకటి మిగులకపోవలెను. అట్లు జరుగుట లేదు. ఏల?

పందిరి క్రింద పీట వేసికొని కొంతసేపు చూచినవారికి సమాధానము దొరకును. ఎఱ్ఱని వీపుపై నల్లని చుక్కలు గల అక్షింతలపురుగు తీగపైకి వచ్చును. అదియు, చూచుటకు వికారముగా నుండు దాని పిల్లయు పేనుబంకను ఒక్కొక్కటిగా పట్టి తినును. అంతలో చీమలు వచ్చును. పేనుబంక విసర్జించు తియ్యని బంక చీమలకు మిక్కిలి ప్రీతి. అందుచేత అవి ఆవులను కాచు గోపాలురవలె పేనుబంకను కాచి, అక్షింతలపురుగును కఱచి తఱుముచుండును. మూరెడు తీగపై నాలుగు జాతుల వ్యవహార మున్నది. చిక్కుడు పేనుబంకను పోషించును. పేనుబంక చీమను పోషించును. చీమ పేనుబంకను కాచును. అక్షింతలపురుగు పేనుబంకను తినును. వీనిలో నే యొక్కదాని సంఖ్య మాఱినను తక్కిన వాని సంఖ్యలును మాఱును.

ఏ ప్రాణియు తన జాతి యెంత పెరుగవలెనో తాను నిర్ణయించుకొనజాలదు. దాని యిరుగుపొరుగు నిర్ణయించును. ఈ సత్యము పందిరికే గాక పెద్ద యడవికిని చెల్లును. ఆ యడవి యిరుగుపొరుగున మనముకూడ నున్నామనియు, మన వంటయింటి పళ్లెము దాని లెక్కలను తాఱుమాఱు చేయగలదనియు, హైదరాబాదునందు దసరా దినములలో మా చెల్లెలి యింట నుండినప్పుడు నాకు తెలిసివచ్చినది. సోదరీమణులకు ఆ సంగతి చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా పినతల్లి కుమార్తె యిల్లు జూబిలీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము గోడ కెదురుగా నున్నది. మఱదిగారు ఫిలింనగరులో చలనచిత్రములకు ఎడిటరుగా పని చేయుచున్నారు. ఈ గుట్టలన్నియు ఒకప్పుడు పెద్దపెద్ద బండలతోను ముండ్లపొదలతోను నిండియుండెడివి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో యిచ్చట వెలసెను. మదరాసులో నుండిన తెలుగు చిత్రసీమ క్రమక్రమముగా నీ గుట్టలకు తరలివచ్చెను. నేడు బండల స్థానమున మేడలును, పొదల స్థానమున బాటలును ఉన్నవి. వాని నడుమ ఒక్క యడవి మాత్రము మిగిలినది. 1998లో దానిని జాతీయవనముగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రిగారి పేరు పెట్టిరి. దాని వైశాల్యము సుమారు 142 హెక్టారులు, అనగా 350 యెకరములు. అందు 600కు పైబడిన మొక్కల జాతులును, 140 పక్షిజాతులును గలవని లెక్క. నెమళ్ళు, ముంగిసలు, ఏదుపందులు, పునుగుపిల్లులు, పాములు అందు వసించును. పులి, చిఱుత వంటి పెద్ద మృగములు లేవు. చుట్టును బాట, బాటకు ఆవల మనుష్యులు.

మా చెల్లెలు భూతదయ గలది. రాత్రి భోజనములైన పిమ్మట మిగిలిన అన్నమును, రొట్టెలును, ఎముకలును పళ్లెమున పెట్టుకొనిపోయి వనము గోడ ప్రక్క పోసివచ్చును. ఆ వీథిలోని మఱి నాలుగైదు ఇండ్లవారును అట్లే చేయుదురు. పది పండ్రెండు కుక్కలు అక్కడనే కాపురముండెను. తెల్లవాఱునప్పటికి మిగిలిన మెతుకులకు కాకులు చేరును. కాకులకును మిగిలినదానికి ఎలుకలు చేరును.

ఆమెకు వేఱొక ముచ్చట గలదు. ఆ వానకాలమున ఒక యాడునెమలి ఐదు పిల్లలతో గోడమీదికి వచ్చుచుండెను. ప్రతిదినమును కాఫీ త్రాగుచు వానిని లెక్కించుట ఆమెకు నోమువంటి దయ్యెను. నేను వెళ్ళునప్పటికి పిల్లలు మూడే మిగిలినవి. నేను వెళ్ళిన మూడవనాడు రెండయ్యెను. కావలివాడు వచ్చి, “కుక్కలు గోడ సందులోనుండి దూరి పట్టినవమ్మా” యని చెప్పెను. చెల్లెలు ఆ పూట అన్నము ముట్టలేదు.

“అక్కా! ఆకలిగొన్నదానికి అన్నము పెట్టితిని గాని యెవరికిని కీడు తలపెట్టలేదే. ఇదియు పాపమేనా?” యని ఆమె యడిగినప్పుడు నాకు వెంటనే మాట తోచలేదు. ఒక్కమాటలో చెప్పదగిన సమాధానము దానికి లేదు. మఱునాటి యుదయమున ఇరువురము వనములోనికి నడచితిమి.

అడవిలోని సంబంధములును మన బంధుత్వములవలె పలు తెఱగులు. కొన్ని యిచ్చిపుచ్చుకొనునవి, కొన్ని పోటీపడునవి, కొన్ని దోచుకొనునవి.

ముందుగా ఇచ్చిపుచ్చుకొనుటను గూర్చి చెప్పెదను. బతుకమ్మ కొఱకు చెల్లెలు తెప్పించిన తంగేటిపూలు ఇంట పళ్లెములలో నుండెను. తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పము. ఈ పూవులో తేనె లేదు. పుప్పొడి సన్నని గొట్టములవంటి తిత్తులలో దాగియుండును. వాని కొనయందు చిన్న రంధ్రము మాత్ర ముండును. సామాన్యమైన యీగ వ్రాలినంతమాత్రమున పొడి రాలదు. నల్లని పెద్ద తుమ్మెద వ్రాలి, పూవును కాళ్ళతో పట్టుకొని, ఱెక్కల కండరములను అదరించి ఝుమ్మని మ్రోయును. ఆ యదరునకు ఉప్పుడబ్బానుండి ఉప్పు రాలినట్లు పుప్పొడి రాలును. తుమ్మెదకు ఆహారము, తంగేటికి సంతానము. ఆ తుమ్మెద చచ్చిన కొయ్యను తొలిచి గూడు కట్టుకొనును. ఎండుకొమ్మలు అంద మిచ్చుట లేదని ఒక తోటలోని మాకులన్నిటిని నఱికి శుభ్రము చేసితిమా, తుమ్మెదకు ఇల్లు లేదు. తుమ్మెద తఱిగినచో తంగేటికి కాయ తఱుగును. తంగేటి యాకులను తిని పెరుగు తెల్లని, పచ్చని సీతాకోకచిలుకలును తఱుగును. ఎండుకొమ్మకును సీతాకోకచిలుకకును సంబంధ మేమని యడిగినవారికి నడుమ నున్న రెండు మెట్లు కనబడవు, అంతియే.

మేడిపండులో పురుగులుండుట మన పిల్లలకును తెలియును. వేమనయోగి ఆ పండును పిరికివాని బింకమునకు పోల్చెను. ఆ పురుగులు లేనిచో మేడిచెట్టే యుండదని మాత్రము చాలమందికి తెలియదు. మేడి, రావి, మఱ్ఱి వీని పూవులు బయట కనబడవు; కాయ యని మన మనుకొనుదాని లోపలనే అవి దాగియుండును. నలుసంత కందిరీగ యొకటి కాయ కొననున్న యిఱుకుద్వారమున దూరును. దూరుటలో దాని ఱెక్కలు ఊడిపోవును. అది తెచ్చిన పుప్పొడిని లోపలి పూవులకు అంటించి, కొన్నిటియందు గ్రుడ్లు పెట్టి అక్కడనే మరణించును. దాని కుమార్తెలు పుప్పొడి నెత్తుకొని వెలుపలికి వచ్చి మఱియొక చెట్టు వెదకుకొనిపోవును. ఆయా చెట్టుజాతికి దానిదైన కందిరీగజాతి యున్నది. ఒకటి నశించినచో రెండవది మిగులదు. ఆ పండ్లపై బ్రతుకు పికిలిపిట్టలు, కోకిలలు, గబ్బిలములు, ఉడుతలు ఆ నలుసంత యీగకు ఋణపడి యున్నవి.

కోకిల పేరు వచ్చినది గనుక దోచుకొను సంబంధమును గూర్చి చెప్పవలెను. మన పూర్వులు కోకిలకు పరభృతమని పేరు పెట్టిరి. ఇతరులచేత పెంపబడినదని యర్థము. కాకికి పరభృత్తని పేరు. ఇతరులను పెంచునదని యర్థము. ఒక్క జంటపేరులో వారు ఒక శాస్త్రవిషయమును దాచి యుంచిరి. కోకిల గూడు కట్టదు. కాకి గూటిలో గ్రుడ్డు పెట్టును. కోకిలపిల్ల కాకిపిల్లలకంటె ముందుగా గ్రుడ్డునుండి వెలువడి, మేతలో పెద్దపాలు తినును. కాకి తల్లి కష్టపడి యన్యుల బిడ్డను సాకును. తన బిడ్డలలో కొన్ని ఆకలితో చచ్చును. కాబట్టి కోకిల యెంత పెరుగుననునది కాకుల గూళ్ళమీదను, పండ్లచెట్లమీదను ఆధారపడి యున్నది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక కోకిలల సంఖ్య దీర్ఘకాలమున నూటికి 75 వంతులు హెచ్చినదని తెలిపినది. నెమళ్ళు నూటికి 150 వంతులకు పైగా హెచ్చినవి. అదే నివేదికలో మన దసరా పక్షి, తెలంగాణ రాష్ట్రపక్షి యగు పాలపిట్ట నూటికి 30 వంతులకు మించి తగ్గినది.

పాలపిట్ట తగ్గుటకు కారణము లనేకములు. అది మిడుతలను, పురుగులను తినును; వానిని పట్టుటకు బయలు కావలెను. పురుగుమందు చల్లిన చేనిలో మిడుత దొరకదు. గూడు పెట్టుటకు ముదురుచెట్టు తొఱ్ఱ కావలెను. గోరువంకకును, రామచిలుకకును ఆ తొఱ్ఱయే కావలెను. తొఱ్ఱలు పది యుండినచో ముగ్గురికిని చోటు గలదు. రెండే మిగిలినచో జగడము. ఇది పోటీ సంబంధము. పోటీలో నోడిన జాతి రక్తము చిందింపదు. పిల్లలను పెట్టక యూరకుండును. దాని సంఖ్య మన కంటికి తెలియకుండ, చప్పుడు లేకుండ తఱిగిపోవును. దసరానాడు పంజరములోని పాలపిట్టను చూపి డబ్బులడుగువారిని ప్రోత్సహించుటకంటె, పెరటిలోని ముదుసలిచెట్టు తొఱ్ఱ నొకటి నిలుపుట యా పక్షికి నిజమైన పూజ.

మొక్కలలోను పోటీ యున్నది. ఎఱుపును పసుపును కలిసిన చిన్నపూల గుత్తులు పూయు లాంటానా యను ముండ్లపొదను మీరందఱును గుట్టలమీద చూచియుందురు. అది అమెరికా ఖండపు మొక్క. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున తోటల యలంకారము కొఱకు దానిని మన దేశమునకు తెచ్చిరి. పశువులు దానిని ముట్టవు. పికిలిపిట్టలు దాని పండ్లు తిని విత్తనములను ఊరూర చల్లినవి. దాని నీడలో మన గడ్డియు, చెట్ల మొలకలును లేవజాలవు. పిట్టకు లాభము, పొదకు లాభము, నేలకు నష్టము. ఇద్దఱి స్నేహము మూడవవారికి కీడగుట సంసారములలోనే గాక యడవిలోను గలదు.

ఇక తినునదియు తినబడునదియు. ఈ సంబంధమును గూర్చి శాస్త్రజ్ఞులకు మొదట స్పష్టత కలిగించినది ఇటలీదేశపు ఒక కుటుంబకథ. ఉంబెర్టో డంకోనా యను యువకుడు సముద్రజీవులను పరిశీలించువాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆడ్రియాటిక్ సముద్రమున చేపలవేట చాల తగ్గెను. వేట తగ్గినచో తినదగిన చేపలు పెరిగియుండవలెనని మన మనుకొందుము. ఫ్యూమే రేవు లెక్కలలో వేఱొక చిత్రము కనబడెను. పట్టిన చేపలలో సొరచేపల వంటి తిండిపోతులు 1914లో నూటికి 12 వంతులుండగా, 1918లో 36 వంతులయ్యెను. వేట మఱల సాగిన పిమ్మట 1923 నాటికి 11 వంతులకు దిగెను. కారణమేమని ఆయన గణితశాస్త్రజ్ఞుడగు వీటో వోల్టెర్రా నడిగెను. డంకోనా వివాహమాడినది వోల్టెర్రా కుమార్తె లూయీసానే. మామగారు 1926లో సమీకరణములతో సమాధానము చెప్పెను. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా యను నాతడు అంతకు ముందటి సంవత్సరమే స్వతంత్రముగా అట్టి సమీకరణములనే ప్రకటించి యుండెను.

ఆ సమాధానమును గణితము లేకయే చెప్పవచ్చును. ఎర పెరిగినచో దానిని తినునవి పెరుగును. అవి పెరిగినచో ఎర తఱుగును. ఎర తఱిగినచో తినునవి ఆకలితో తఱుగును. అంతట ఎర మఱల పెరుగును. ఇట్లు రెండును ఉయ్యాలవలె ఊగుచుండును. ఇందొక విశేషము. పైనుండి వచ్చినవా డెవడైనను రెంటిని సమానముగా చంపినచో లాభపడునది ఎర. నష్టపడునది దానిని తినునది. ఎరకు శత్రువు తగ్గును. తినుదానికి మరణమును హెచ్చును, ఆహారమును తగ్గును. చేపలవాని వల సొరచేపను చిన్నచేపను ఒకే తీరున పట్టెను గనుక చిన్నచేపకు మేలయ్యెను. వల ఆగినప్పుడు సొరచేపకు మేలయ్యెను.

ఇప్పుడు చిక్కుడు పందిరికి రండు. పేనుబంకను చూడగానే మనము మందు చల్లుదుము. పేనుబంకయు చచ్చును, అక్షింతలపురుగును చచ్చును. మూడు వారములలో పేనుబంక వెనుకటికంటె దట్టముగా వచ్చును, అక్షింతలపురుగు రాదు. మందు చాలలేదని మఱల చల్లుదుము. అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు ఈ పాఠమును చాల ధనము పోగొట్టుకొని నేర్చిరి. అక్కడి నారింజతోటలను తెల్లని దూదివంటి పిండిపురుగు పాడుచేయుచుండగా, 1888లో ఆస్ట్రేలియానుండి ఒక జాతి అక్షింతలపురుగును తెప్పించి వదలిరి. రెండు సంవత్సరములలోపల తోటలు కోలుకొనెను. సుమారు అరువది సంవత్సరములకు డి.డి.టి. యను మందు వచ్చెను. దానిని చల్లిన తోటలలో అక్షింతలపురుగు చచ్చి, పిండిపురుగు తిరిగి విజృంభించెను.

ఆనాటి రాత్రి భోజనసమయమున ఈ సంగతులు విని మఱదిగారు నవ్వి, “వదినగారూ, మా పనియు నంతే. ప్రతినాయకుడు నచ్చలేదని అతని దృశ్యములు కత్తిరించినచో, నాయకునికి చేయుటకు పని యుండదు, తక్కిన కథ యంతయు మరల కుట్టుకొనవలెను” అనిరి. మాట బాగున్నది. అడవిలో మాత్రము ప్రతినాయకుడే లేడు. పాము ఎలుకకు యముడు, మనకు ధాన్యరక్షకుడు. ముంగిస పామునకు యముడు. ప్రతివాడును ఒకనికి నాయకుడు, ఒకనికి ప్రతినాయకుడు.

కత్తిరింపబడిన పాత్రకు ఉదాహరణము మన దేశముననే గలదు. 1990 ప్రాంతమువఱకు ఊరి వెలుపల పశువు చచ్చినచో గడియలో రాబందులు దిగెడివి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ యను మందు ఆ కళేబరములద్వారా రాబందుల మూత్రపిండములను చెఱచెను. పదిహేనేండ్లలో మూడు జాతుల రాబందులు నూటికి 95కు మించి నశించెను. 2006లో పశువులకు ఆ మందు వాడుకను ప్రభుత్వము నిషేధించెను. తెలంగాణమున కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో 2013లో రాబందుల గూళ్ళు కొన్ని కనబడగా, వానిని కాపాడుటకు అటవీశాఖవారు పూనుకొనిరి. రాబందులు పోయిన చోట కళేబరములు కుక్కలపాలును ఎలుకలపాలును అయ్యెను. కుళ్ళు నీటిలో కలిసెను. 2024లో ప్రకటింపబడిన ఒక పరిశోధన, 2000 నుండి 2005 వఱకు మన దేశమున సుమారు 5 లక్షల మనుష్యుల యధికమరణములకు రాబందుల లోపము కారణమని లెక్కించినది. ఒక పక్షి సంఖ్య తఱుగుట మన యిండ్లలోని చావుపుట్టుకలవఱకు వచ్చినది.

ఇంతవఱకు వచ్చిన పిమ్మట చెల్లెలి ప్రశ్నకు సమాధానము దానంతట అదే దొరకినది. అడవిలోని కుక్కవంటి జంతువు ఎర తఱిగినప్పుడు తానును తఱుగవలెను. ఉయ్యాల తిరిగివచ్చుటకు అదియే కారణము. మన పళ్లెము ఆ ఉయ్యాలను ఆపుచున్నది. గోడప్రక్క కుక్కలకు నెమలిపిల్ల దొరకినను దొరకకున్నను ఆకలి లేదు. ఎర తఱిగినను వేటాడునది తఱుగదు. పండ్రెండు కుక్కలకు చాలు అడవి యది కాదు. పండ్రెండు కుక్కలను పోషించునది మన వంటయిల్లు. నెమలి నేలపై గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు మొదట కొంతకాలము నేలపైననే తిరుగును. మెతుకులతో పెరిగిన కాకులు పొదలలోని చిన్నపిట్టల గ్రుడ్లను ఎత్తుకొనిపోవును. మెతుకులతో పెరిగిన ఎలుకలకై జెఱ్ఱిపోతులును నాగులును గోడ దాటి మన మెట్లక్రిందికి వచ్చును. అప్పుడు పామును చంపుదుము. ఎలుకలు మఱల పెరుగును. వోల్టెర్రాగారి సమీకరణము మా చెల్లెలి వాకిటనే నడుచుచున్నది.

పెద్ద యడవిలో నిట్టి నష్టము కొంత పూడుకొనును. ఇచ్చట ఒక జాతి నశించినను ప్రక్క కొండనుండి మఱల వచ్చి చేరును. జూబిలీహిల్స్ వనమునకు ప్రక్క కొండ లేదు. అది మేడల సముద్రములో ఒక దీవి. అందు తుదిపునుగుపిల్లి చచ్చిననాడు ఏ బాట దాటి మఱియొకటి వచ్చును? వనము చుట్టు రక్షణ కొఱకు 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన యంచు కొన్నిచోట్ల 3 మీటర్లు, అత్యధికముగా 29.8 మీటర్లు. మూడు మీటర్లనగా మన వసారా వెడల్పు. అంతకు మించిన కంచె యేదైన నున్నచో అది ఎదుటియిండ్లవారి నడవడియే.

అట్లయినచో భూతదయ విడువవలెనా? వలదు. మన పెద్దలు భోజనమునకు ముందు కాకి కొక్క ముద్ద పెట్టిరి, గంపలు పోయలేదు. ఆ ముద్దలో దయయు నున్నది, మితియు నున్నది. కుక్కలపై దయ గలవారు వానికి సంతాననిరోధ శస్త్రచికిత్సయు, పిచ్చికుక్కవ్యాధి రాకుండ టీకాయు వేయించి, నిర్ణీతమైన చోట, లెక్క ప్రకారము తిండి పెట్టవలెను. వీథులలో గాక అందులకై యేర్పఱచిన స్థలములందే పెట్టవలెనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టును ఆదేశించినది. వనము గోడ ప్రక్క అట్టి స్థలము కానేరదు.

ఇంటి యిల్లాలు చేయదగిన పనులు పెద్దవి కావు. మిగిలిన యన్నమును, కూరగాయల తొక్కును మూతగల తొట్టిలో ఎరువు చేయవచ్చును. పేనుబంక కనబడినప్పుడు మొదట నీటిధారతో కొట్టి కడుగవలెను. చీమలు ప్రాకు దారి నడ్డవలెను. అక్షింతలపురుగు కనబడినచో మందుసీసా ముట్టరాదు. కరివేపచెట్టున పిట్టరెట్టవలె కనబడు పురుగులు నాలుగుండినచో నలుపరాదు. అవి సీతాకోకచిలుకల బిడ్డలు. నాలుగు రెమ్మలు వానికి విడిచినచో మన చారునకు లోటు రాదు. పెంపుడు పిల్లిని తెల్లవాఱుజామున వదలరాదు. పెరటిలో తంగేడు నొకటి పెంచవలెను. ఎండుకొమ్మ తలపై పడునట్లు లేనిచో నుండనీయవలెను.

నేను తిరిగి బయలుదేఱునాటి రాత్రి చెల్లెలు పళ్లెము పట్టుకొని వాకిటిలో కొంతసేపు నిలువబడెను. కుక్కలు అలవాటుచొప్పున వచ్చి తోక లాడించెను. ఆమె కన్నులు చెమర్చినవి. వానిని పిలుచుకొని వీథిచివర, వనమునకు దూరముగా నున్న ఖాళీస్థలమునకు నడిచెను. ఎదురింటి ఆవిడ “ఎక్కడికమ్మా?” యని యడుగగా నిలిచి యామెకును చెప్పెను. మఱుచటి వారమునుండి ఆ వీథిలో ముగ్గు రిల్లాండ్రు గోడప్రక్క పోయుట మానిరని ఉత్తరము వ్రాసెను. కుక్కలకు శస్త్రచికిత్స చేయించుటకు నగరపాలక సంస్థవారికి అర్జీ పెట్టిరట.

నెమలిపిల్లలు రెండును నిలిచినవట. ఇప్పుడు తల్లితోకూడ గోడ యెక్కక, కొమ్మపై నిద్రించుచున్నవట. నే నా యుత్తరమును మా చిక్కుడుపందిరి క్రింద కూర్చుండి చదివితిని. ఈ యేడు మందు చల్లలేదు. కొనలకు కొంత పేనుబంక యున్నది, అక్షింతలపురుగులును ఉన్నవి. కాయలు ఇరుగుపొరుగున కిచ్చునంత కాచినవి.